ఇంట్లో పాట రికార్డు చేసే ముందు జాగ్రత్తలు

ముందు చప్పుళ్ల సంగతి చూసుకోండి. కాజీపేటలో మా ఇల్లు పట్టాల దగ్గరే. గూడ్సు బండి పోతే కిటికీలు మూసినా మైకు పట్టేస్తుంది. అందుకే గొంతు రికార్డింగు తెల్లవారుజామునే పెట్టుకుంటాను. ఫ్యాను, కూలర్ ఆపండి. ఫ్రిజ్ ఆపితే మళ్లీ వేయడం మర్చిపోవద్దు (నేను మర్చిపోయాను, పాలు విరిగాయి).

స్టూడియో రకం కండెన్సర్ మైకుల్లో చాలావాటికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు కేబుల్లోంచే అందే కరెంటు) కావాలి. వాల్యూమ్ తగ్గించాకే ఆ స్విచ్చు వేయండి. నోటికి, మైకుకు జానెడు దూరం, మధ్యలో పాప్ ఫిల్టర్ (ప, బ లాంటి అక్షరాల గాలి దెబ్బను ఆపే జాలీ).

డప్పు ఉంటే అసలు పని అక్కడే. మంట దగ్గర కాచాక తోలు బిగిసి మోత మారిపోతుంది; అంతకుముందు పెట్టిన లెవెల్ పనికిరాదు. కాచిన తర్వాతే గట్టిగా కొట్టించి, మీటరు మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ (మైకు సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పే నాబ్) పెట్టండి. రికార్డింగు సెట్టింగుల్లో 24 బిట్ ఎంచుకుంటే లెవెల్ కాస్త తక్కువైనా టెన్షన్ లేదు. తోలు వదులైతే మళ్లీ కాచాలి. మంట మాత్రం వాకిట్లోనే, వైర్లకు దూరంగా.

క్లిక్ (లయ తప్పకుండా వినిపించే టిక్‌టిక్ చప్పుడు) హెడ్‌ఫోన్స్‌లోనే వినిపించండి, స్పీకర్లు ఆపేయండి. బతుకమ్మ పాటైతే క్లిక్కే వద్దంటాను. చప్పట్ల నడకకే తర్వాత టెంపో సర్దుకోండి.

కరెంటు పోతుందనే అనుకోండి. ల్యాప్‌టాప్‌కు నిండా చార్జింగ్, ప్రతి టేకుకీ సేవ్. ఫైళ్లు ఇంకో డిస్కులోకి కాపీ అయ్యాకే మైకు స్టాండు విప్పండి.