క్రీడా పీఆర్ (ప్రజా సంబంధాల) ఉద్యోగానికి ఇంటర్వ్యూ – 4వ పాఠం: అరగంటలో ప్రెస్ నోట్

పోయిన పాఠంలో ఇంటర్వ్యూకి పట్టుకెళ్లే ఫైలు సర్దుకున్నాం. ఇక రాత పరీక్ష. మాటకారులు బోల్తా పడేది ఎక్కువగా ఇక్కడే. ఫలితాల కాగితం ఒకటి చేతికిచ్చి, అరగంటలో ప్రెస్ నోట్ రాయమంటారు. మళ్లీ ఫోన్ చేసి అడిగే పని లేకుండా పత్రిక డెస్క్ వాళ్లు (వార్తలు దిద్ది అచ్చుకి పంపేవాళ్లు) దాన్ని వేసుకోగలరా అన్నదే ప్యానెల్ చూస్తుంది.

మొదటి ఐదు నిమిషాలు నోట్ మొదలుపెట్టొద్దు, అంకెలు కూడండి. ఇచ్చిన కాగితంలో కావాలనే ఒక తప్పు పెట్టి ఉండొచ్చు. శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు సాధన చెయ్యడానికి వెయిట్‌లిఫ్టింగ్‌ని మించిన ఆట లేదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి ఫలితం తీసుకోండి: 69 కిలోల విభాగం, స్నాచ్ (ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్ (భుజాల దాకా తెచ్చి, ఆపై తలపైకి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలు, కాంస్యం. ఇందులో 69 అన్నది ఎత్తిన బరువు కాదు, పోటీదారు శరీర బరువు పరిమితి. ఆట తెలియనివాళ్లు ‘69 కిలోలు ఎత్తి కాంస్యం’ అని రాసేస్తారు. ఆ ఒక్క వాక్యంతో మీ పని అయిపోయినట్టే.

‘తొలి’ అన్న మాట దగ్గరా ఆగండి. ఆమె ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. ‘దేశానికి తొలి వ్యక్తిగత పతకం’ అంటే తప్పు. 1952లోనే కుస్తీలో కె.డి. జాదవ్ కాంస్యం తెచ్చాడు.

తర్వాతి పదిహేను నిమిషాలు రాత. మొదటి వాక్యంలో ఎవరు, ఏం గెలిచారు, ఎక్కడ, ఎప్పుడు అన్నవి ఇరవై మాటల్లోపు రావాలి. మొత్తం 150 మాటలు దాటనివ్వకండి. చోటు చాలకపోతే డెస్క్‌లో కింది నుంచి కోస్తారు కాబట్టి ముఖ్యమైనది పైనే ఉండాలి. మన దగ్గర నోట్లకి ఉన్న పాత జబ్బు ముఖ్య అతిథి. ఆయన హోదా, ఆయన ప్రసంగం, జ్యోతి ప్రజ్వలన అన్నీ అయ్యాక, ఐదో పేరాలో ఎక్కడో పతకం గెలిచిన పిల్ల పేరు! అతిథులకి చివర్లో ఒక్క వాక్యం చాలు. స్పాన్సర్ పేరు మూడో పేరాలో ఒకసారి చెప్పండి. శీర్షికలో పెడితే డెస్క్ దాన్ని ప్రకటన కింద లెక్కేసి పక్కన పడేస్తుంది.

మిగిలిన పది నిమిషాల్లో సగం ఫొటో కింది వాక్యానికి: ఎడమ నుంచి కుడికి పేర్లు, ఇంటిపేర్లతో సహా. ఇంకో సగం మొత్తం ఒకసారి చదువుకోవడానికి.

ఎలా పంపుతారని కూడా అడుగుతారు. డీటీపీకి వాడే అను ఫాంట్‌లో కొట్టిన మేటర్‌ని అలాగే వాట్సాప్‌లో పెడితే అవతల పిచ్చి గీతలు కనిపిస్తాయి, అందుకే ఏ ఫోన్‌లోనైనా తెలుగు సరిగ్గా కనిపించే యూనికోడ్‌లో పంపాలి. పీడీఎఫ్ ఒక్కటే పంపితే డెస్క్‌లో మళ్లీ టైపు చేసుకోవాలి. ఫొటోని డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది, అచ్చులో మసకబారుతుంది.

ఈ వారం అభ్యాసం. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో విజయనగరం జిల్లా అమ్మాయి మత్స సంతోషికి 53 కిలోల విభాగంలో మొదట కాంస్యం వచ్చింది. స్వర్ణం గెలిచిన నైజీరియా లిఫ్టర్ డోపింగ్ పరీక్షలో దొరికాక అది రజతమైంది. రెండు నోట్లు రాయండి: ఒకటి పోటీ రోజుది, ఒకటి పతకం మారిన రోజుది. రెండోదాంట్లో కారణానికి ఒక్క వాక్యం చాలు. అవతలి అమ్మాయి మీద నిర్వాహకులు ప్రకటించిన దానికి మించి ఒక్క మాట ఉన్నా కొట్టేసి మళ్లీ రాయండి. గడియారం ఎదురుగా పెట్టుకోండి, ఒక్కోదానికి ముప్పై నిమిషాలే.