హైపో ప్లాంట్‌లో కాస్టిక్, క్లోరిన్ ఎక్కడ పోతున్నాయి?

చెన్నై అంబత్తూరులో ఒక చిన్న హైపో యూనిట్ చూసుకుంటాను. హైపో అంటే సోడియం హైపోక్లోరైట్, ద్రవ బ్లీచ్. కాస్టిక్ సోడాలోకి క్లోరిన్ గ్యాస్ ఎక్కించి దీన్ని తయారు చేస్తాం. కాస్టిక్ రేటు పెరగ్గానే మా ఓనరు సప్లయర్‌తో బేరానికి దిగుతారు. నేను ముందు బ్యాచ్ షీటు తీస్తాను. 71 కిలోల క్లోరిన్‌కి 80 కిలోల కాస్టిక్ పడుతుంది. 900 కిలోల టన్నర్ (క్లోరిన్ నింపిన పెద్ద సిలిండర్) మొత్తం వాడితే, క్లోరిన్ లెక్కన 12 శాతం బలమున్న సరుకు 7,500 కిలోల దాకా రావాలి. దానికి 48 శాతం లై (నీళ్లలో కరిగిన కాస్టిక్) సుమారు 2,115 కిలోలు చాలు, పైన కొంచెం మిగులు ఉండాలి. ఆ "కొంచెం" దగ్గరే డబ్బు పోతుంది.

సమస్య: లై ఎక్కువ ఖర్చవుతోంది, సరుకు బలం మామూలుగానే ఉంది

ఆపరేటర్ భయంతో క్లోరిన్ ముందే ఆపేస్తున్నాడు, కాస్టిక్ వాడకుండా మిగిలిపోతోంది. మా నెల్లూరు కుర్రాడు "సార్, కాస్టిక్ కాస్త ఎక్కువుంటేనే మంచిది" అనేవాడు. భయంలో తప్పు లేదు. కాస్టిక్ అయిపోయాక కూడా గ్యాస్ ఎక్కితే బ్యాచ్ మొత్తం విరిగిపోయి క్లోరిన్ బయటికి కొడుతుంది. అలాగని సరుకులో మిగులు కాస్టిక్ 2 శాతం ఎందుకు? 0.5 శాతం దగ్గర ఆపితే ఒక్కో టన్నర్‌కి 230 కిలోలకు పైగా లై మిగులుతుంది.

పరిష్కారం మిగులు కాస్టిక్‌ని కొలవడమే. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. శాంపిల్‌లో నేరుగా ఫినాల్ఫ్తలీన్ (కాస్టిక్ ఉంటే గులాబీ రంగు చూపే ఇండికేటర్) వేస్తే గులాబీ రంగు ఒక్క క్షణం మెరిసి మాయమవుతుంది. కాస్టిక్ లేక కాదు, బ్లీచ్ ఆ రంగునే తినేసింది. ముందు హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి, బుడగలు ఆగాక ఇండికేటర్ వేసి యాసిడ్‌తో టైట్రేట్ చేయాలి, అంటే రంగు పోయేదాకా ఎంత యాసిడ్ పట్టిందో కొలవాలి. చివరి అరగంట గ్యాస్ సన్నగా వదిలి, ఓఆర్‌పీ మీటర్ (కాస్టిక్ అయిపోవస్తుంటే చూపించేది) మీద కన్నేసి ఉంచాలి.

(ల్యాబ్‌లో థయోసల్ఫేట్‌నీ హైపో అనే అంటారు. అది మన హైపోని చంపేస్తుంది. సీసాల మీద పూర్తి పేరు రాయండి.)

సమస్య: తయారైన రోజు బలం 12.5 శాతం, వారానికి 11

తక్కువ వచ్చిందని కస్టమర్ వెనక్కి పంపకూడదని 13.5 చేసి పంపేవాళ్లున్నారు. అది ఇంకా నష్టం, బలం పెరిగేకొద్దీ హైపో ఇంకా వేగంగా విరుగుతుంది. అసలు దొంగ వేడి. పది డిగ్రీలు పెరిగితే విరిగే వేగం మూడు నాలుగు రెట్లవుతుంది. చల్లార్చకపోతే రియాక్షన్ వేడి ఒక్కటే బ్యాచ్‌ని నలభై డిగ్రీలకు పైగా లేపుతుంది, అప్పుడు క్లోరేట్ (బ్లీచ్‌గా పనికిరాని ఉప్పు) తయారై క్లోరిన్ దండగ. అగ్ని నక్షత్రం (నడి ఎండాకాలం) రోజుల్లో ఇక్కడ కూలింగ్ టవర్ నీళ్లే ముప్పై దాటుతాయి, చిల్లర్ తప్పదు. లైని నీళ్లలో కలిపి పల్చన చేసే పని ముందురోజు సాయంత్రమే ముగించండి, కలిపినప్పుడు పుట్టే వేడి రాత్రికి దిగిపోతుంది. ట్యాంకు మీద రేకు నీడ వేయండి.

చల్లగా ఉన్నా బలం పడిపోతుంటే లోహాన్ని అనుమానించండి. సీసాలో శాంపిల్ పోసి మూత వదులుగా పెట్టి చూడండి. అడుగు నుంచి సన్నటి బుడగలు ఆగకుండా లేస్తుంటే అది ఆక్సిజన్. నికెల్, రాగి, కోబాల్ట్ లాంటివి పిసరంత ఉన్నా చాలు. మా దగ్గర ఫిట్టర్ అర్జెంటుగా బిగించిన ఇత్తడి వాల్వ్ ఒకటి దొరికింది. స్టీలు అంటే భరోసా అనుకోకండి, స్టెయిన్‌లెస్ స్టీలులోనూ నికెల్ ఉంటుంది. పీవీసీ, ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్‌గ్లాస్ ప్లాస్టిక్) వాడండి. ఉప్పు బోరు నీళ్లు మానేసి ఆర్‌ఓ నీళ్లు కలపండి.

సమస్య: టన్నర్ ఖాళీ అన్నారు, కాటా మీద ఖాళీ బరువు కన్నా 30 కిలోలు ఎక్కువ చూపిస్తోంది

గ్యాస్ వేగంగా లాగితే టన్నర్ చల్లబడి, ఒంటికి మంచు పట్టి, ప్రెషర్ పడిపోతుంది. లోపల క్లోరిన్ ఇంకా ఉంటుంది. నిదానంగా తీయండి, లేదా రెండు టన్నర్లు కలిపి లాగండి. వేడినీళ్లు, మంట మాత్రం దగ్గరికి రానివ్వొద్దు. మరీ పూర్తిగానూ పీల్చకండి. కాస్త ప్రెషర్ మిగల్చకపోతే లై వెనక్కి టన్నర్‌లోకి ఎక్కుతుంది.