ఇంట్లో కుట్టిన సోఫా కవర్: ఎక్కడ తేడా కొట్టింది, ఎలా సరిచేయాలి

సోఫాకి కొత్త బట్ట వేయించడానికి అయ్యే ఖర్చు విన్నాక "గుడ్డ కొనుక్కొచ్చి మనమే కుట్టేద్దాం" అనిపించడం సహజం. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో తెల్ల కాన్వాసో కోరా గుడ్డో తెచ్చి, హైదరాబాద్ బేగంబజార్‌లో రియాక్టివ్ రంగు పొడి (సోడాతో కాటన్ పోగుకు అంటుకునే రకం) కొని పని మొదలుపెడతాం. తర్వాత బయటపడే లోపాల్లో చాలా వాటికి మూలం ముందు మెట్లలోనే ఉంటుంది. అందుకే కనిపించిన చోటే అతుకు వేయకుండా, ఒకటి రెండు మెట్లు వెనక్కి వెళ్లి చూడాలి.

ఉతికాక కవర్ ఎక్కడం లేదు

ఉతక్కుండా కోసిన గుడ్డ ఇది. కోరా కాటన్ మొదటిసారి వేడినీళ్లలో పడితే 3 నుంచి 5 శాతం ముడుచుకుంటుంది. వదులు నేతయితే ఇంకా ఎక్కువ. ఆరడుగుల సోఫా వీపు మీద 5 శాతమంటే మూడున్నర అంగుళాల పైనే. అంగుళం కుట్టు అంచు ఆ లోటును పూడ్చలేదు.

కొద్దిగా బిగుతైతే, కవర్ ఇంకా చెమ్మగా ఉన్నప్పుడే తొడిగి అన్ని వైపులా లాగి, ఫ్యాను కింద ఆరనివ్వండి. కాటన్ కాస్త సాగుతుంది. అయినా అందకపోతే పక్క కుట్లు విప్పి, రెండంగుళాల పట్టీ వేయాల్సిందే. అదే రంగు దొరక్కపోతే పూర్తిగా వేరే రంగు తీసుకోండి, కావాలనే డిజైన్ చేశారనుకుంటారు. దగ్గరి రంగు వేస్తేనే అతుకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఈసారి గుడ్డ కొన్నప్పుడు వేడినీళ్లలో రెండుసార్లు ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కొలతలు పెట్టండి.

కూర్చుని లేచేసరికి కవర్ పైకి వచ్చేస్తోంది

మొదటిసారి కుట్టేవాళ్లందరికీ వచ్చే సమస్య. టేపుతో సోఫాను పైపైన కొలుస్తాం. మనిషి కూర్చోగానే ఫోమ్ కిందికి దిగుతుంది, ఆ దిగుడుకు సరిపడా గుడ్డ ఎక్కడి నుంచో రావాలి. సీటు, వీపు కలిసే సందులోనూ, సీటు, చేతులు కలిసే సందుల్లోనూ నాలుగు నుంచి ఆరంగుళాల గుడ్డ అదనంగా దాచి ఉంచాలి. అది లేకపోతే కవర్ బయటి నుంచి లాక్కుంటుంది.

కుట్టేశాక తెలిసిందా? ఆ సందు దగ్గర కుట్టు విప్పి పట్టీ కలపండి. అది లోపలే ఉంటుంది కాబట్టి పాత దుప్పటి ముక్క మడతపెట్టినా చాలు. లోపలికి దోపాక, గట్టిగా చుట్టిన న్యూస్‌పేపరో, సందు పొడవుకు కోసిన పీవీసీ పైపో పైనుంచి కూరితే మళ్లీ బయటికి రాదు. కింద ఉన్నది రెక్సిన్ అయితే కాటన్ ఎలాగూ జారుతుంది. డ్రాయర్లలో పరిచే రబ్బరు జాలీ మ్యాట్ సీటు మీద వేసి, దానిపై కవర్ తొడగండి.

సూది విరుగుతోంది, కుట్లు తప్పుతున్నాయి

జాకెట్లు కుట్టే సూదితో కాన్వాస్ కుడితే ఇంతే. 16 నంబరు సూది వేయండి, గుడ్డ మరీ మందమైతే 18. కుట్టు పొడవు మూడు మిల్లీమీటర్ల పైన పెట్టండి. మూలల్లో పైపింగ్ (అంచుల వెంట కుట్టే సన్నటి గొట్టం లాంటి పట్టీ) మీదికి పైపింగ్ వచ్చేచోట ఎనిమిది పొరల దాకా పేరుకుంటాయి. అక్కడ లోపలి అంచులను మెట్లు మెట్లుగా కత్తిరించి, సుత్తితో మెల్లగా తట్టి అణచండి. ఆ నాలుగు కుట్లూ చక్రం చేత్తో తిప్పుతూ వేయండి, మోటారు వద్దు.

గుడ్డ అడుగున దారం ఉండలు కడితే అందరూ బాబిన్‌ని తిడతారు. చాలాసార్లు తప్పు పై దారానిది. మిషన్ పాదం (గుడ్డను నొక్కి పట్టేది) దించి దారం ఎక్కిస్తే అది దారాన్ని బిగించే టెన్షన్ బిళ్లల మధ్యకు వెళ్లదు. పాదం ఎత్తి మళ్లీ మొదటి నుంచి ఎక్కించండి.

పైపింగ్ వంపుల దగ్గర ముడతలు పడితే పట్టీని నిలువుగా కోశారని అర్థం. దాన్ని 45 డిగ్రీల ఏటవాలుగా కోయాలి.

రంగు మచ్చలు మచ్చలుగా వచ్చింది

మచ్చ ఆకారాన్ని బట్టే కారణం దొరుకుతుంది. ముదురు చుక్కలుంటే పొడి సరిగ్గా కరగలేదు. ముందు కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, పల్చటి గుడ్డలో వడకట్టి పోయాలి. కొన్నిచోట్ల మాత్రమే రంగు పట్టకపోతే నేతలో వాడిన గంజి పోలేదు. ఉతికిన గుడ్డ మీద నీటిచుక్క వేసి చూడండి. వెంటనే ఇంకాలి. చుక్క నిలబడితే బట్టల సోడా, డిటర్జెంట్ వేసి గంటసేపు ఉడికించాలి. రంగు మొత్తంగా మందగించి, పొడి పట్టినట్టుంటే బోరు నీళ్లను అనుమానించండి. గట్టి నీళ్లలోని కాల్షియం, రంగు పట్టించడానికి వేసే సోడాతో కలిసి తెల్లటి పొడిగా దిగుతుంది. నల్లా నీళ్లు పట్టుకోండి. దొడ్డు ఉప్పు కూడా వద్దు, అందులోని మలినాలు నీళ్లను ఇంకా గట్టిపరుస్తాయి.

మడతల వెంట లేత గీతలుంటే గుడ్డకు చోటు చాలలేదు. 54 అంగుళాల పన్నా, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) కాన్వాస్ పది మీటర్లంటే దాదాపు నాలుగు కిలోలు. కిలోకు 20 లీటర్ల లెక్కన 80 లీటర్ల నీళ్లు కావాలి. బాత్రూం బకెట్లో అది కుదిరే పని కాదు. వంద లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము తెచ్చుకోండి, లేదా దుపట్టాలకు రంగులద్దే డైయింగ్ షాపులో ఇచ్చేయండి. ఇంట్లోనే చేస్తే లీటరుకు 50 గ్రాముల ఉప్పు, 20 గ్రాముల సోడా యాష్ వేయాలి. మధ్యస్థం రంగుకు గుడ్డ బరువులో 3 శాతం, అంటే నాలుగు కిలోలకు 120 గ్రాముల పొడి. సోడాను విడిగా కరిగించి, గుడ్డ పక్కకు జరిపి పోయాలి. నేరుగా గుడ్డ మీద పడితే ఆ చోటే రంగు ముందు పట్టేస్తుంది. మొదటి అరగంట కలుపుతూనే ఉండాలి. ముక్కలన్నీ ఒకే డ్రమ్ములో పడాలి. కుషన్లకు రేపు వేద్దామంటే అదే రంగు మళ్లీ రాదు, సోడా కలిపిన రంగునీళ్లు మర్నాటికి పనికిరావు.

మచ్చలు వచ్చేస్తే లేతగా సరిచేసే దారి లేదు. నేవీ బ్లూ, కాఫీ రంగు లాంటి ముదురు రంగు పైన వేయడమే మార్గం. పొడి కలిపేటప్పుడు మాస్కు, గ్లౌజులు తప్పనిసరి. వంటగిన్నెలు ముట్టొద్దు, అల్యూమినియం అసలే వద్దు, సోడా దాన్ని తినేస్తుంది.

రంగు ఎక్కలేదు, లేదా కడిగితే పోయింది

ముందు గుడ్డ పోగు ఒకటి కాల్చండి. కాటన్ కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది. కరిగి గట్టి ముద్ద కడితే పాలిస్టర్ కలిసినట్టే. అందులో పాలిస్టర్ వంతుకు ఈ రంగులేవీ పట్టవు. గుడ్డ కాటనే అయితే సోడా సంగతి చూడండి. వంట సోడాకు చల్లటి నీళ్లలో ఈ పని చేసేంత క్షారం ఉండదు. స్ఫటికాల రూపంలో దొరికే బట్టల సోడాలో సగానికి పైగా నీరే కాబట్టి, పొడి సోడా యాష్‌కు రెండున్నర రెట్లకు పైగా పడుతుంది.

రియాక్టివ్ రంగుల్లో కోల్డ్ బ్రాండ్, హాట్ బ్రాండ్ అని రెండు రకాలున్నాయి. హాట్ బ్రాండ్‌ను చల్లటి నీళ్లలో వాడితే మిగిలేది లేత మరక. షాపులో అడిగి కొనండి. కోల్డ్ బ్రాండ్‌కైనా గోరువెచ్చని నీళ్లు కావాలి. డిసెంబరులో ట్యాంకు నీళ్లకు రెండు మూడు కెటిల్స్ వేడినీళ్లు కలపండి. మే నెల మధ్యాహ్నం తిరగబడుతుంది. ట్యాంకు నీళ్లు కాగి ఉంటాయి, రంగు హడావిడిగా పట్టి మచ్చలొస్తాయి. పొద్దున్నే పెట్టుకోండి.

కుట్లు మాత్రం తెల్లగా మిగిలాయి

పాలిస్టర్ దారం. ముందు కుట్టి తర్వాత రంగు వేస్తే ఇది తప్పదు, పైగా మందపాటి అతుకుల లోపలికి రంగు సరిగ్గా దిగదు. కాటన్ దారం వాడొచ్చు గానీ సోఫా అతుకులకు అంత బలం రాదు. ముక్కలు కాస్త పెద్దగా కోసి, రంగు వేసి, ఆ రంగుకు మ్యాచింగ్ దారం తెచ్చి కుట్టడమే నా సలహా. ఇప్పటికే కుట్టేసి ఉంటే పైనుంచి మ్యాచింగ్ దారంతో ఇంకో వరస కుట్టండి.

కూర్చున్నవాళ్ల బట్టలకు రంగు అంటుతోంది

పోగుకు అంటకుండా మిగిలిన రంగు ఇది. వెనిగర్‌లోనో ఉప్పునీళ్లలోనో నానబెట్టమని సలహాలొస్తాయి. కాటన్ మీద అవి పనిచేయవు. చల్లటి నీళ్లతో రెండు మూడుసార్లు జాడించి, సబ్బు వేసిన బాగా వేడినీళ్లలో పావుగంట ఉంచి, నీళ్లు తేటగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ మార్చండి. డైయింగ్ షాపులో వేయించినది ఎంత జాడించినా దిగుతూనే ఉంటే అది పోగుకు గట్టిగా అతుక్కోని డైరెక్ట్ రకం రంగు అయ్యుండొచ్చు. దానికి డై ఫిక్సర్ (రంగు దిగకుండా పట్టి ఉంచే మందు) అడిగి వాడాలి. ఈలోగా పైన ముదురు రంగు దుప్పటి వేసి ఉంచండి, తెల్ల లాల్చీతో చుట్టాలు రావచ్చు.

కిటికీ వైపు వెలిసింది

ఎండ తగిలితే ఏ రంగైనా వెలుస్తుంది, ముదురు రంగుల్లో త్వరగా కనిపిస్తుంది. కుషన్లు రెండు వైపులా ఒకేలా కుట్టి ఉంటే నెలకోసారి తిప్పి, చోటు మార్చండి. చేతుల మీద ఎక్కువ వెలిస్తే అక్కడికి విడిగా తొడుగు కుట్టుకోవచ్చు, మిగిలిపోయిన ముక్కలు దానికి సరిపోతాయి.