ఫైర్‌వాల్ ఆపకుండానే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ కనెక్ట్ చేయడం ఎలా?

జీఎస్టీ రిటర్న్‌కు ఆఖరి రోజు. అకౌంట్ల సాఫ్ట్‌వేర్ మొరాయించింది. సపోర్ట్ వాళ్లు, దూరం నుంచే మీ కంప్యూటర్‌ను చూసి సరిచేయడానికి వాడే ఎనీడెస్క్‌ను తెరవమన్నారు, అదేమో నెట్‌వర్క్‌కు కనెక్ట్ కావడం లేదు. ఆ టెన్షన్‌లో ఎవరో ఒకరు "ఫైర్‌వాల్ ఆఫ్ చేసేయండి" అంటారు. దయచేసి ఆ పని చేయకండి. నెట్‌వర్క్‌లోకి వచ్చే, పోయే ట్రాఫిక్‌కు కాపలా కాసేది ఫైర్‌వాలే. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటి రిమోట్ సాఫ్ట్‌వేర్‌కు కావలసింది లోపలి నుంచి బయటికి వెళ్లే దారి మాత్రమే. బయటివాళ్ల కోసం తలుపు తెరవక్కర్లేదు.

ముందు, అడ్డం ఎక్కడుందో తేల్చుకోండి. అదే కంప్యూటర్‌ను ఆఫీస్ నెట్ నుంచి తీసి ఫోన్ హాట్‌స్పాట్‌కు కలపండి. ఇప్పుడు పనిచేస్తే ఆపుతున్నది ఆఫీస్ ఫైర్‌వాలే. అప్పటికీ కాకపోతే కంప్యూటర్‌లోని యాంటీవైరస్‌ను, విండోస్ ఫైర్‌వాల్‌ను చూడాలి.

ఆఫీస్ ఫైర్‌వాల్‌లో ల్యాన్ (ఆఫీస్ లోపలి నెట్‌వర్క్) నుంచి వ్యాన్‌కు (బయటి ఇంటర్నెట్) ఒక అలౌ రూల్, అంటే అనుమతించే నియమం, రాయండి. ఎనీడెస్క్‌కు టీసీపీ పోర్టులు (డేటా వెళ్లే నంబర్ దారులు) 80, 443, 6568లలో ఏ ఒక్కటి తెరిచి ఉన్నా చాలు. టీమ్‌వ్యూయర్ మొదట 5938ని వెతుకుతుంది. అది దొరక్కపోతే 443, చివరికి 80. పనైతే అవుతుంది కానీ 80 మీద స్క్రీన్ నత్తనడక నడుస్తుంది, అందుకే 5938ని టీసీపీ, యూడీపీ (డేటా పంపే రెండు పద్ధతులు) రెండింటికీ తెరవడం మంచిది. ఆ రూల్‌లో సోర్స్ దగ్గర ఆఫీసంతా పెట్టకుండా సపోర్ట్ అవసరమైన కంప్యూటర్ల ఐపీలే (నెట్‌వర్క్ చిరునామాలే) ఇవ్వండి.

443 తెరిచే ఉన్నా కనెక్ట్ కాని సందర్భాలు ఉంటాయి. గంటలు తినేసేది ఇదే. చాలా ఫైర్‌వాల్స్ హెచ్‌టీటీపీఎస్ ఇన్‌స్పెక్షన్ పేరుతో మధ్యలో సర్టిఫికెట్ (అవతలి సర్వర్ అసలుదేనని చూపే డిజిటల్ గుర్తింపు) మార్చి ట్రాఫిక్‌ను విప్పి చూస్తాయి. అప్పుడు రిమోట్ సాఫ్ట్‌వేర్ కనెక్షన్ తెంచేసుకోవచ్చు. ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ డొమైన్‌లను (ఇంటర్నెట్ పేర్లను) ఇన్‌స్పెక్షన్ మినహాయింపుల్లో చేర్చండి. ఫైర్‌వాల్‌లోని అప్లికేషన్ కంట్రోల్‌లో 'రిమోట్ యాక్సెస్' విభాగం బ్లాక్ అయి ఉందేమో కూడా చూడండి.

విండోస్ ఫైర్‌వాల్ మామూలుగా బయటికి వెళ్లేవాటిని ఆపదు. ఎవరైనా ఆ సెట్టింగ్ మార్చి ఉంటే అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో అవుట్‌బౌండ్ రూల్స్, న్యూ రూల్, ప్రోగ్రామ్ నొక్కి, ఆ సాఫ్ట్‌వేర్ ఫైల్‌ను చూపించి అలౌ చేయండి.

రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చేవాటిని లోపలి కంప్యూటర్‌కు పంపే సెట్టింగ్) జోలికి మాత్రం పోవద్దు. ముఖ్యంగా విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389ని ఇంటర్నెట్‌కు తెరవకండి. 2019లో బయటపడిన బ్లూకీప్ లోపంతో, పాస్‌వర్డ్ తెలియకుండానే పాత విండోస్ కంప్యూటర్లలోకి చొరబడే వీలుండేది. మైక్రోసాఫ్ట్ అప్పటికే సపోర్ట్ ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) ఇవ్వాల్సి వచ్చింది. రిమోట్ డెస్క్‌టాపే కావాలంటే ముందు వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీస్ నెట్‌వర్క్‌కు వెళ్లే రక్షిత దారి) పెట్టి, దాని లోపలి నుంచే వాడండి.

ఇప్పుడు ఆఫీస్ నెట్‌కు తిరిగి వచ్చి కనెక్ట్ చేయండి. ఇంకా ఆగితే ఫైర్‌వాల్ లాగ్‌లో ఆ కంప్యూటర్ ఐపీతో వెతకండి. డినై (అనుమతి నిరాకరణ) అయిన లైన్‌లో ఏ పోర్ట్ ఆగిందో, ఏ రూల్ ఆపిందో కనిపిస్తుంది. చాలాసార్లు మీ కొత్త రూల్ కన్నా పైన పాత డినై రూల్ కూర్చుని ఉంటుంది. మీదాన్ని దానికి పైకి జరపండి.