మైక్రోవేవ్‌లో మెరుపులు వస్తున్నాయా? ముందు ఇవి చూడండి

శ్రీకాకుళం నుంచి మా పిన్ని ఒక రాత్రి కంగారుగా ఫోన్ చేసింది. "పులుసు వేడి చేద్దామని పెట్టానురా, లోపల టపటపమని మెరుపులొచ్చాయి. ఇది పేలిపోతాదేటి?" ముందు గోడ దగ్గర స్విచ్ ఆపెయ్యమన్నాను. మీరైనా మొదట చేయాల్సింది అదే.

లోపల మెరుపులు, చిటపట చప్పుడు

నూటికి తొంభై సార్లు తప్పు గిన్నెదే అనుకుంటాం. మన ఇళ్లలో అన్నీ స్టీలే కదా. స్టీలు గిన్నె, మరిచిపోయిన చెంచా, అల్యూమినియం ఫాయిల్, బుడితి ఇత్తడి గిన్నె, ఆఖరికి కప్పు అంచున ఉన్న బంగారు గీత కూడా మైక్రో మోడ్‌లో, అంటే తరంగాలతో వేడి చేసేటప్పుడు, పెట్టకూడదు. పింగాణీ, గాజు వాడండి. అవి కూడా మైక్రోవేవ్‌కు పనికొస్తాయని రాసి ఉన్నవే.

పిన్ని పెట్టింది మామూలు పింగాణీ గిన్నే. అందుకే లోపల కుడివైపు గోడ చూడమన్నాను. అక్కడ అట్టముక్కలా పల్చటి రేకు ఒకటి ఉంటుంది. దాన్ని మైకా షీట్ అంటారు. తరంగాలు లోపలికి వచ్చేది దాని గుండానే. నెలల తరబడి చిందిన పులుసు, నూనె దాని మీద ఎండి, మాడి, బొగ్గయింది. బొగ్గు కరెంటును లాగుతుంది కాబట్టి మెరుపులొస్తాయి. జిడ్డు మాత్రమే ఉంటే ప్లగ్ తీసి, చల్లారాక తడిగుడ్డతో తుడిస్తే చాలు. పిన్ని షీట్‌కు మాత్రం రూపాయి బిళ్లంత నల్లటి చిల్లు పడింది. అలా అయితే మార్చాల్సిందే. కొత్త షీట్ ఖరీదు తక్కువే, పాతదాని కొలతకు కత్తెరతో కత్తిరించుకోవచ్చు. అది మార్చేదాకా ఓవెన్ వాడకండి, షీట్ లేకుండా అసలే వద్దు. గోడకు పెయింట్ లేచి తుప్పు పట్టినా మెరుపులొస్తాయి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో వాడాక లోపల పొడిగా తుడవడం అలవాటు చేసుకోండి.

లైటు వెలుగుతోంది, ప్లేటు తిరుగుతోంది, కూర మాత్రం చల్లగానే ఉంది

పవర్ తగ్గించి ఉందేమో, డీఫ్రాస్ట్‌లో (గడ్డకట్టినదాన్ని కరిగించే సెట్టింగ్) ఉందేమో చూడండి. ఫుల్ పవర్‌లో కప్పు నీళ్లు రెండు నిమిషాలు పెట్టండి. వేడెక్కకపోతే తరంగాలను పుట్టించే మాగ్నెట్రాన్ వైపు లోపం ఉన్నట్టు. మెకానిక్‌ని పిలవండి. దయచేసి వెనక స్క్రూలు మీరు విప్పొద్దు. ప్లగ్ తీసేసినా లోపల కరెంటును దాచిపెట్టే కెపాసిటర్‌లో వేల వోల్టులు నిలవ ఉండొచ్చు, ప్రాణం పోతుంది.

ప్లగ్ వేడెక్కుతోంది

వంటకు 800 వాట్లు ఇచ్చే ఓవెన్ గోడ నుంచి దాదాపు 1200 వాట్లు లాగుతుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసేసి, ఎర్త్ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్‌కు నేరుగా పెట్టండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ప్లగ్ తీసే ఉంచి, కరెంటు వచ్చి వోల్టేజీ నిలకడయ్యాకే పెట్టుకోవాలి.

అంచులు పొగలు, మధ్యలో చల్లన

తరంగాలు పదార్థంలోకి రెండు మూడు సెంటీమీటర్లే గట్టిగా దిగుతాయి. గిన్నె నిండా కుక్కకుండా వెడల్పుగా పరవండి, సగంలో ఆపి కలపండి, తీశాక రెండు నిమిషాలు ఆగండి. చేపల పులుసు, మాంసం విషయంలో ఇది మరీ ముఖ్యం. మధ్యలో కూడా పొగలు రావాలి.

టీ పొడి వేయగానే నీళ్లు ఎగజిమ్మాయి

నునుపైన కప్పులో నీళ్లు బుడగ రాకుండానే మరిగే వేడిని దాటిపోతాయి. కదిలిస్తే ఒక్కసారిగా పొంగి ముఖం మీద పడతాయి. ముందే చెక్క చెంచా వేసి పెట్టండి, ఆగాక అర నిమిషం తర్వాతే తీయండి. పెంకుతో ఉన్న గుడ్డు ఎప్పుడూ పెట్టొద్దు, పేలుతుంది.

పొగ వస్తోంది

పలాస జీడిపప్పు వేయించబోతే పైన తెల్లగానే ఉండి లోపల మాడిపోతుంది. అర నిమిషానికోసారి ఆపి కలపాలి. పొగ గానీ మంట గానీ కనిపిస్తే తలుపు తెరవకండి, గాలి తగిలితే మంట పెరుగుతుంది. స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, పొగ ఆగేదాకా అలాగే వదిలేయండి.

తలుపు వదులైంది

అద్దం పగిలినా, తలుపు వంగినా, సరిగ్గా పట్టకపోయినా బాగు చేయించేదాకా ఒక్క నిమిషం కూడా వాడొద్దు. తరంగాలను లోపలే ఆపేది ఆ తలుపే. పిల్లలు దాని మీద వేలాడకుండా కాస్త ఎత్తులో పెట్టండి.