పాత టికి మగ్గు మీది ధర స్టిక్కరు వదిలించే పద్ధతి

కాలిఫోర్నియా ఫ్లీ మార్కెట్లలో, అంటే పాత సామాన్ల సంతల్లో, దొరికే 1960ల నాటి టికి మగ్గులకు (పాలినేషియా విగ్రహాల ముఖం ఆకారంలో ఉండే పింగాణీ మగ్గులకు) కొందరు అమ్మకందారులు ధర స్టిక్కరును ఆ ముఖం నుదుటి మీదనే అంటిస్తారు. గోటితో గీకితే కాగితం పైపొర మాత్రమే లేచి, జిగురు కనుబొమల గాడుల్లో ఉండిపోతుంది.

హెయిర్ డ్రయర్‌ను తక్కువ వేడిలో ఉంచి, నాలుగంగుళాల దూరం నుంచి అర నిమిషం గాలి తగలనిచ్చి, స్టిక్కరును ఒక మూల నుంచి ఏటవాలుగా, నెమ్మదిగా లాగాలి. మిగిలిన జిగురుకు చెంచా వంటనూనె, చెంచా వంటసోడా కలిపిన ముద్దను పూసి, పది నిమిషాల తర్వాత మెత్తని గుడ్డతో తుడిచి, గాడుల్లోని దాన్ని పాత టూత్‌బ్రష్‌తో తీసి, గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగితే నున్నని మెరుపు తిరిగి కనిపిస్తుంది. ‘జపాన్’ అని అచ్చువేసిన చిన్న రేకు స్టిక్కరు ఉంటే దాన్ని మాత్రం కదిలించకండి. అది తయారీనాటిది, మగ్గు పుట్టుకకు అదొక ఆధారం.

కొన్ని మగ్గుల కళ్లకు, పెదవులకు వేసిన రంగు బట్టీలో కాల్చనిది కావడంతో ఈ ముద్దకు ఊడిపోతుంది కనుక, ముందుగా తడి దూదిని ఒక మూల అద్ది, రంగు అంటుకుంటే అక్కడితో ఆపేయండి.