బండ్లు పోతున్నాయి, ఆగడం లేదు: లారీలను నమ్ముకున్న చిన్న వ్యాపారానికి సమస్య - పరిష్కారం

గుత్తి దగ్గర రెండు హైవేలు కలుస్తాయి. 44 కర్నూలు, డోన్ మీదుగా వచ్చి అనంతపురం దాటి బెంగళూరు పోతుంది. 67 బళ్లారి వైపు నుంచి గుంతకల్లు మీదుగా వచ్చి తాడిపత్రి, మైదుకూరు, బద్వేలు దాటి నెల్లూరు దారి పడుతుంది. సిమెంటు, నాపరాళ్లు, గ్రానైటు దిమ్మెలు, చీనీ కాయలు, పెనుకొండ నుంచి కొత్త కార్లు మోసుకుపోయే పొడుగు కంటైనర్లు, అన్నీ ఈ రోడ్ల మీదివే. ఇన్ని బండ్లు చూసి, ఒక గాలి మిషన్ పెట్టుకుంటే చాలు బతికేయొచ్చని నేనూ దిగాను. మొదటి నెల కరెంటు బిల్లుకు సరిపడా డబ్బు కూడా రాలేదు. ఆ తర్వాత పదేళ్లలో పంక్చర్ల నుంచి బ్రేకు పనికి, వైరింగుకు, యాడ్‌బ్లూకు (కొత్త లారీల్లో పొగ విషం తగ్గించడానికి వేరే ట్యాంకులో పోసే ద్రవం) పాకాను. ఈ మధ్యలో తగిలిన దెబ్బలు, వాటికి దొరికిన మందు ఇక్కడ రాస్తున్నాను.

సమస్య: రోజంతా వందల లారీలు పోతాయి, మన ముందు ఒక్కటీ ఆగదు

కారణం: మనం పోయే బండ్లను లెక్కపెట్టి అంగడి పెడతాం. లెక్కపెట్టాల్సింది ఆగే బండ్లను. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ సెకనుకు 16, 17 మీటర్లు దాటిపోతుంది. మన బోర్డు యాభై మీటర్ల దూరంలో కనబడిందంటే డ్రైవరుకు చిక్కింది మూడు సెకన్లు. అంతలో అద్దం చూసుకొని, గేర్లు దించి, లోడు బండిని పక్కకు తీయడం ఎవరి వల్లా కాదు. 'ముందు ఇంకోటి ఉంటుందిలే' అనుకొని పోతాడు. మధ్యలో డివైడరు ఉంది కాబట్టి అవతలి వైపు బండ్లు మనవి కానే కావు.

పరిష్కారం: రెండు రాత్రులు ఒక నోటుబుక్కు పట్టుకొని కూర్చోండి. బండి ఎక్కడ ఆగింది, లోడా ఖాళీనా, ఏ వైపు పోతోంది, దిగినవాడు మొదట ఏం చేశాడు, ఇవి రాసుకోండి. నేను ఈ పని కాసేపల్లి టోల్‌గేటు వైపు చేశాను. టోలు దాటాక కొంతదూరంలో డ్రైవర్లు పక్కకు తీస్తారు. దిగి, ఇనుప రాడ్డుతో వెనక టైర్లను ఒక్కొక్కటే కొట్టుకుంటూ పోతారు. గాలి ఉన్న టైరు గట్టిగా ఎగిరి పలుకుతుంది, లేనిది 'బద్ద్' మంటుంది. జంట టైర్లలో లోపలిది పోతే కంటికి కనబడదు, ఆ చప్పుడే చెబుతుంది. ఆ చప్పుడు విని తల ఎత్తి చుట్టూ చూస్తాడు చూడండి, అప్పుడు వాడి కంటికి ఏది కనబడితే అదే అంగడి.

రెండు రాత్రులకు నాకు తెలిసింది ఇంకొకటి కూడా. ఆగిన సమయాన్ని బట్టి పని ఎంచుకోవాలి. రోడ్డు మీద ఆగేవాడికి పావుగంట ఉంటుంది: గాలి, పంక్చరు, బల్బు, యాడ్‌బ్లూ, టీ. తాడిపత్రి, ఎర్రగుంట్ల, కొలిమిగుండ్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల గేట్ల ముందు లోడు కోసం వరుసలో నిలబడేవాడికి పూట ఉంటుంది, ఒక్కోసారి రోజే ఉంటుంది. బ్రేకు లైనర్లు (బ్రేకు వేస్తే డ్రమ్ముకు రాసుకునే పట్టీలు), కమాను కట్టలు, గ్రీజు, టార్పాలిన్ కుట్టు, ఇవన్నీ అక్కడి పనులు. మొదట్లో నేను చేసింది దీనికి తలకిందులు. హైవే మీద లైనర్ల బోర్డు పెట్టి గాలికి వచ్చినవాళ్లతో బేరమాడాను.

బోర్డు మాట వచ్చింది కాబట్టి: తమిళనాడు నామక్కల్ డ్రైవరుకు తెలుగు రాదు, రాజస్థాన్ డ్రైవరుకు అసలు రాదు. మాటలు తగ్గించి బొమ్మ పెద్దది వేయించండి. టైరు బొమ్మ అందరికీ ఒకటే. దాని కింద హిందీలో ఒక ముక్క, తమిళంలో ఒక ముక్క చాలు.

సమస్య: షెడ్డు వేసుకున్నాక పీకేయమని నోటీసు వచ్చింది

కారణం: తారు అయిపోయిన చోట హైవే అయిపోయిందని అనుకోవడం. తారు పక్కన మట్టి కూడా చాలా దూరం హైవే భూమే. 2002 నాటి నేషనల్ హైవేల భూమి చట్టం కింద ఆక్రమణ తీయించే అధికారం వాళ్లకు ఉంది.

పరిష్కారం: హైవే హద్దురాయి అవతల, పట్టా భూమిలో బాడుగకు తీసుకోండి. రోడ్డు మీదికి దారి తీయడానికి కూడా అనుమతి కావాలి. డీజిల్ బంకు పక్క స్థలం ఇందుకే మేలు, దారి ముందే ఉంటుంది. బాడుగ ఎక్కువ అనిపిస్తుంది గానీ, ఒక షెడ్డు పోగొట్టుకున్నాక లెక్క వేసి చూసుకుంటే తక్కువే.

సమస్య: గాలి మిషన్ గంటసేపు మొత్తుకున్నా టైరు ఎక్కదు

కారణం: బైకులకు, ఆటోలకు సరిపోయే సింగిల్ స్టేజి మిషన్, అంటే గాలిని ఒక్కసారే నొక్కేది, కొన్నాం. అది 8 బార్ దగ్గర, అంటే 116 పౌండ్ల దగ్గర ఆగిపోతుంది. లారీ టైరుకు కావాల్సిందే 110 నుంచి 125. ట్యాంకులో, టైరులో ఒత్తిడి సమానమైతే గాలి ఎటూ కదలదు.

పరిష్కారం: గాలిని రెండుసార్లు నొక్కే టూ స్టేజి కంప్రెసరు, 12 బార్‌ది. పాతది కొన్నా ఫరవాలేదు గానీ ట్యాంకు లోపల తుప్పు ఉందేమో చూడకుండా కొనొద్దు. రోజూ సాయంత్రం అడుగు కుళాయి తిప్పి నీళ్లు వదలాలి.

ఇంకో సంగతి. ఎండకు, పరుగుకు వేడెక్కిన టైరులో గాలి ఎక్కువ చూపిస్తుంది. మే నెలలో మన రోడ్ల మీద ఇది ఇంకా ఎక్కువ. 'అన్నా, కొంచెం గాలి తీసేయ్' అంటాడు డ్రైవరు. తీయొద్దు. చల్లారాక ఆ టైరు తక్కువ గాలితో నడుస్తుంది, పక్క గోడ నలిగి వేడెక్కి పగిలేది అప్పుడే. వద్దని చెప్పి పంపిస్తే ఇరవై రూపాయలు పోతాయి. పోనివ్వండి.

ఇక లాక్ రింగు టైర్లు, అంటే టైరును చక్రానికి ఒక ఇనుప రింగు పట్టి ఉంచేవి. ఇది వ్యాపారం సమస్య కాదు, ప్రాణం సమస్య. రింగు సరిగా కూర్చోకుండా గాలి పడితే అది ఎగురుతుంది. మా షెడ్డు రేకుకు చంద్రవంకలా ఒక చీలిక ఉంది. నేను ఆరోజు టైరు పక్కన కాక, గాలి పైపు పొడుగు పెట్టుకొని దూరంగా ఉన్నాను కాబట్టి ఇది రాస్తున్నాను. ఇనుప పంజరం చేయించండి, వెల్డింగువాడు ఒక్క రోజులో చేసిస్తాడు. టైరును అందులో పెట్టి, క్లిప్పు తగిలించి, రింగుకు ఎదురుగా లేకుండా నిలబడి గాలి పట్టాలి. జంట టైర్లు విప్పేటప్పుడు నట్లు వదులు చేయకముందే రెండింటిలోనూ వాల్వు పిన్ను తీసి గాలి వదలాలి. కొత్తగా వచ్చిన పిల్లాడికి నేర్పే మొదటి పాఠం ఇదే కావాలి. నట్లు బిగించాక 'యాభై, వంద కిలోమీటర్లు పోయాక ఒకసారి మళ్లీ బిగించు అన్నా' అని ప్రతి డ్రైవరుకూ చెప్పండి.

సమస్య: ఒకసారి వచ్చినవాడు రెండోసారి రాడు

నాకు ఇది అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది.

కారణం: కొట్టుకు వచ్చేది డ్రైవరు, డబ్బు ఇచ్చేది ఓనరు. ఇద్దరిలో ఒక్కరినే చూసుకుంటే రెండోవాడు మనల్ని కొట్టేస్తాడు. చాలాచోట్ల నడిచే పద్ధతి ఏమంటే, పని పన్నెండు వందలది అయితే పదహారు వందలకు చీటీ రాసి పైది డ్రైవరు చేతిలో పెట్టడం. నేనూ చేశాను. ఆ ఏడాది ఒక అనంతపురం ఓనరు బండ్లు నాలుగు మా దగ్గరికి వచ్చేవి. ఒకరోజు ఆయనే కారులో దిగి, జేబులోంచి మా చీటీలు తీసి బల్ల మీద పరిచాడు. ఒకే బండికి ఒకే నెలలో మూడు ఫ్యాను బెల్టులు. నాకు నోట మాట రాలేదు. నాలుగు బండ్లూ పోయాయి. ఆ డ్రైవర్లు మాత్రం ఇప్పటికీ పలకరిస్తారు.

పరిష్కారం: విప్పకముందే ఓనరుకు ఫోన్ చేయండి. 'అన్నా, మీ ఫలానా నంబరు బండి మా దగ్గరుంది, వెనక ఎడమ లైనర్లు అరిగిపోయాయి, సామానుకు ఇంత, కూలికి ఇంత, చేయమంటారా?' అంతే. పాత లైనరును డ్రమ్ము పక్కన పెట్టి, బండి నంబరు ప్లేటు కూడా పడేటట్టు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపండి. బిల్లులో బండి నంబరు, తేదీ, మీటరు రీడింగు రాయండి. పాత సామాను డ్రైవరు చేతికే ఇవ్వండి.

మరి డ్రైవరుకు ఏం? బిల్లులో వాటా బదులు ఇంకేదైనా ఇవ్వాలి. మేము స్నానానికి నీళ్లు, ఫోన్ ఛార్జింగ్, మంచం, టీ ఇస్తున్నాం. దారిలో నాలుగు రోజులున్న మనిషికి తలంటుకోవడానికి రెండు బకెట్ల నీళ్లు దొరికితే ఎంత ఇష్టమో చూస్తేగానీ తెలియదు. అయినా కొందరు డ్రైవర్లు రావడం మానేశారు. ఆ నష్టం నిజమే.

సమస్య: పని నిండా ఉంది, చేతిలో రూపాయి లేదు

కారణం: అరువు. కానీ ఓనర్లందరూ ఎగ్గొట్టేవాళ్లని తిట్టుకోకముందు బాడుగ డబ్బు ఎలా నడుస్తుందో చూడండి. లోడు ఎత్తేటప్పుడు ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు అడ్వాన్సు ఇస్తుంది, అది డీజిలుకు, టోలుకు, డ్రైవరు బత్తాకు సరి. బ్యాలెన్సు రావాలంటే సరుకు దిగి, సంతకం పడిన ఎల్‌ఆర్ (లారీ రసీదు) కాపీ తిరిగి ఆఫీసుకు చేరాలి. చేరాక కూడా వారాలు పడుతుంది. మన బిల్లు ఆ బ్యాలెన్సు వెనక వరుసలో నిలబడి ఉంటుంది.

పరిష్కారం: సామానుకు నగదు, కూలికి మాత్రమే అరువు. మన జేబులోంచి పోయేది సామాను డబ్బే కదా. రెండోది, అరువు హద్దు ఓనరు మీద కాక బండి మీద పెట్టండి. 'ఈ నంబరు మీద పాతది తీరితే కొత్తది' అంటే మాట సులువుగా వస్తుంది, మనిషిని అన్నట్టు ఉండదు. కొత్త మొహానికి అరువు లేదు.

పెద్ద ఫ్లీట్లతో, అంటే చాలా లారీలున్న కంపెనీలతో పని చేస్తుంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు ప్రభుత్వ నమోదు) చేయించుకోండి. ఆన్‌లైన్‌లో ఉచితం, ఏజెంటుకు రెండు వేలు ఇవ్వక్కర్లేదు. చిన్న సంస్థల కోసం వచ్చిన 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం చిన్న సంస్థకు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా పడుతుంది. ఫిర్యాదుకు ఆన్‌లైన్ పోర్టల్ ఉంది. ఇది రిపేరు లాంటి సేవలకు వర్తిస్తుంది, సామాను కొని అమ్మే అంగడికి కాదు. నా అనుభవంలో ఫిర్యాదు దాకా పోతే ఆ గిరాకీ తిరిగి రాడు. అందుకే ఉద్యమ్ నంబరు, 45 రోజుల మాట బిల్లు అడుగున అచ్చు వేయించి ఊరుకున్నాను. అకౌంట్స్ సెక్షన్ ఉన్న కంపెనీలు ఆ రెండు ముక్కలు చూస్తే చాలు, మన బిల్లు కొంచెం పైకి జరుగుతుంది.

పెట్టుబడికి ముద్ర లోను (చిన్న వ్యాపారాలకు బ్యాంకులు ఇచ్చే ప్రభుత్వ పథకం అప్పు) అడుగుతారు చాలామంది. శిశులో 50 వేల వరకు, కిశోర్‌లో 5 లక్షల వరకు, తరుణ్‌లో 10 లక్షల వరకు. కంప్రెసరుకు, జాకీలకు వాడండి. అరువుల గుంత పూడ్చడానికి వాడితే గుంత పెరుగుతుంది.

సమస్య: 'మీ దగ్గర యాడ్‌బ్లూ పోయించాక లైటు వెలిగింది, బండి లాగడం లేదు'

కారణం: 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 (పొగ మీద కొత్త నిబంధన) బండ్లలో చాలావాటికి ఇది కావాలి. ఇది 32.5 శాతం యూరియా, మిగిలింది శుద్ధమైన నీరు. అంత సున్నితమైనదాన్ని మనం ఎండలో పెట్టి, డీజిలు పోసిన గరాటుతోనే పోస్తాం. చుక్క డీజిలు, చిటికెడు దుమ్ము చాలు చెడిపోవడానికి. పొలంలో చల్లే యూరియా నీళ్లలో కలిపి పోసేవాళ్లూ ఉన్నారు, వాళ్ల గురించి మాట్లాడను.

పరిష్కారం: 25 డిగ్రీల్లో ఏడాదిన్నర ఉండే సరుకు, 35 డిగ్రీల్లో ఆరు నెలలే ఉంటుంది. మన ఎండలకు రేకుల షెడ్డులో నిల్వ అంటే ఇంకా తక్కువని అనుకోవాలి. నీడలో, గోడ ఉన్న గదిలో పెట్టండి, వారానికి సరిపడానే తెప్పించండి. జగ్గు, గరాటు దీనికే వేరుగా, ప్లాస్టిక్‌వి. ఇనుము, రాగి, జింకు పూతవి వద్దు. సీలు డ్రైవరు ముందే తీయండి, బ్యాచ్ నంబరు బిల్లు మీద రాయండి. పొరపాటున డీజిలు ట్యాంకులో పోస్తే బండి స్టార్ట్ చేయనివ్వొద్దు, ట్యాంకు ఖాళీ చేయాల్సిందే.

సమస్య: అర్ధరాత్రి రోడ్డు మీద ఆగిన బండికి పోతాం, చివరికి తిట్లు తింటాం

కారణం: 'గంటలో అయిపోతుంది' అనడం. ఓనరు ఆ గంటను పట్టుకొని లెక్కలు వేసుకుంటాడు. 50 వేలు దాటిన సరుకుకు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు తీసే జీఎస్టీ పత్రం) ఉంటుంది, మామూలు సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్కన గడువు. బండి ఒక పూట ఆగితే ఆ గడువు కరిగిపోతుంది.

పరిష్కారం: చూసేదాకా సమయం చెప్పొద్దు. చూశాక ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆలస్యమయ్యేట్టుంటే 'అన్నా, ఈ-వే బిల్లు గడువు చూసుకో' అని మీరే అనండి. గడువు ముగియడానికి ఎనిమిది గంటల ముందు నుంచి, ముగిశాక ఎనిమిది గంటల లోపు పొడిగించుకోవచ్చు. సరుకు వేరే బండిలోకి మారిస్తే ఆ బిల్లులో బండి వివరాలుండే పార్ట్ బి లో కొత్త నంబరు ఎక్కించాలి. మెకానిక్ నోట ఈ మాట వస్తే ఓనరు ఒక్క క్షణం ఆగి, 'నీ పేరేంది తమ్ముడూ?' అంటాడు. నా ఫోన్లో ఉన్న మంచి గిరాకీల్లో సగం ఇట్లా చేరినవాళ్లే.

సమస్య: పని నేర్చిన పిల్లాడు రెండు కిలోమీటర్ల అవతల సొంత షెడ్డు పెట్టాడు

కారణం: నేనూ అట్లాగే పెట్టాను. మా మేస్త్రీ నాతో ఆరు నెలలు మాట్లాడలేదు.

పరిష్కారం: రాత్రి పనిలో వచ్చే కూలిలో సగం వాళ్లదే అని మొదటి రోజే చెప్పండి, కొన్నాళ్లు ఎక్కువ ఉంటారు. పోయేవాడు పోతాడు. పోయినవాడు అవతలి వైపు రోడ్డు మీద పెట్టుకుంటే ఇంకా మంచిది. మా పాత పిల్లాడు డివైడరుకు అటు ఉన్నాడు. వాడి దగ్గర లైనర్లు లేకపోతే నాకు ఫోన్ చేస్తాడు, నా జాకీ పోతే వాడిది తెచ్చుకుంటాను.